మిరియాల పొట్లం

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఒక బొమ్మ ఉంది, దానికోసం ఇప్పటికి ఆరేడుసార్లు వెళ్లుంటాను. ఏడాదికోసారి డబ్బు కట్టి మ్యూజియం కార్డు తీసుకుంటే ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు, మేముండే ఆమ్‌స్టల్‌వేన్ నుంచి 5 నంబరు ట్రామ్ ఎక్కితే దాని పక్కనే దిగొచ్చు, అందుకని ఆదివారం ఏమీ తోచకపోతే అటు బయల్దేరతాను. మొదటిసారి అందరిలాగే రెంబ్రాంట్ పెద్ద బొమ్మ ముందు జనంలో చాలాసేపు నిలబడ్డాను, కాళ్లు లాగడం మొదలయ్యాక కాస్త ఖాళీగా ఉన్న చోటు వెతుక్కుంటూ వెళ్తే ఇది కనబడింది.

విల్లెమ్ క్లాస్ హేదా అనే హార్లెమ్ చిత్రకారుడు వేసిన స్టిల్ లైఫ్, అంటే వస్తువుల్నే వేసే బొమ్మ. 1635 నాటిది. ఎత్తు 88 సెంటీమీటర్లు, వెడల్పు 113. మనుషులెవరూ లేరు. ఒక బల్ల, దాని మీద నలిగి పక్కకి తోసేసిన తెల్లగుడ్డ, తగరపు పళ్లేలు, ఆలిచిప్పలు, ఒక రొట్టె, సగం ఒలిచి వదిలేసిన నిమ్మకాయ. ఎవరో తింటూ తింటూ మధ్యలో లేచి వెళ్లిపోయినట్టుంటుంది. పొడుగు కాడ ఉన్న వెండిగిన్నె ఒకటి పక్కకి ఒరిగి పడి ఉంది, దాన్ని నిలబెట్టే తీరిక ఎవరికీ లేనట్టుంది. వెనకాల బంగారు పూత పూసిన కప్పు. దాని పేరే బొమ్మకి పెట్టారు కాబట్టి వచ్చినవాళ్లందరి కళ్లూ ముందు అటే పోతాయి.

రంగులు చాలా తక్కువ. బూడిదరంగు, ఆకుపచ్చ, గోధుమరంగు, వాటిలోనే లెక్కలేనన్ని ఛాయలు. ఆ కప్పు బంగారం, ఆ నిమ్మకాయ పసుపు తప్ప గట్టిగా పలికే రంగు ఏదీ లేదు. ఆ రోజుల్లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి హార్లెమ్ ఊళ్లో కొంతమంది చిత్రకారులు ఇదే పద్ధతి పట్టుకున్నారు, రంగులు తగ్గించేసి వెలుతురు మీదే పని చేశారు. ఆకుపచ్చ గాజు గ్లాసు చూడండి, దాన్ని రూమర్ అంటారు. లావుపాటి కాడ మీద గాజు బొట్లు బొట్లుగా అతికించి ఉంటాయి. మొదట్లో అది అలంకారం అనుకున్నాను. అప్పట్లో వాళ్లు ఫోర్కులు వాడేవాళ్లు కాదు, కత్తితో కోసుకుని వేళ్లతోనే తినేవాళ్లు. జిడ్డు చేతుల్లోంచి గ్లాసు జారిపోకుండా ఆ బొట్లు. చేత్తో అన్నం తినేవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు, పప్పు కలిపిన చేత్తో మంచినీళ్ల గ్లాసు పట్టుకోబోయి ఎడమచేత్తో అందుకునేవాళ్లం కదా మనం. అదే గ్లాసు కడుపులో చిన్న తెల్లటి చదరం మెరుస్తూ ఉంటుంది. అది కిటికీ. బొమ్మలో లేని కిటికీ, చిత్రకారుడు కూర్చున్న గదిది, గాజులో వంకరగా కనబడుతుంది.

అసలు విషయానికి వస్తాను. నన్ను పట్టేసింది వీటిలో ఏదీ కాదు. ముందు వరసలో, పళ్లేల మధ్య, ఒక కాగితం పొట్లం ఉంది. మిరియాల పొట్లం.

నేను పొట్లం అంటున్నది పోలికకి కాదు. అచ్చు కాగితం ముక్కని శంఖంలా చుట్టి, కింది కొన మెలిపెట్టి, అందులో మిరియాలు పోసి ఇచ్చిన పొట్లం. బజారు నుంచి ఎలా వచ్చిందో అలాగే తెచ్చి బల్ల మీద పడేశారు. ఆ కాగితం కూడా పాత పంచాంగం కాగితం. వాళ్ల పంచాంగం అంటే ఏడాదికోసారి అచ్చేసే చిన్న పుస్తకం, అందులో తేదీలు, చంద్రకళలు, ఏ ఊళ్లో ఏ రోజు సంత, ఇలాంటివన్నీ ఉండేవి. ఏడాది అయిపోతే ఇంక దానితో పనిలేదు, చింపి పొట్లాలకి వాడేసేవాళ్లు. ఈ పొట్లాలు హేదా బొమ్మల్లోనే కాదు, హార్లెమ్‌లోనే ఉన్న ఇంకో చిత్రకారుడు పీటర్ క్లాస్ బొమ్మల్లో కూడా కనబడతాయి. అంటే ఆ ఊరి ఇళ్లలో అది రోజూ చూసే వస్తువే.

నాకు ఆ క్షణాన ఒళ్లు ఝల్లుమంది. ఎందుకో చెప్పాలంటే మా తాత గురించి చెప్పాలి.

మాది పెడన, బందరు పక్కనే. తాతకి కిరాణా కొట్టు ఉండేది. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పూట తాత కునుకు తీస్తే నాన్నతో పాటు నేను కూర్చునేదాన్ని. కొట్లో కుడిచేతి వైపు చెక్కబల్ల మీద కాగితాల దొంతర, పైన ఒక రాయి. పాత వారపత్రికలు, బళ్లో రాసేసిన నోట్సులు, ఎవరో తూకానికి అమ్మేసిన పరీక్ష పేపర్లు. తాత వాటిని ముందే మూడు సైజుల్లో చింపి ఉంచేవాడు. పెద్దవి కందిపప్పుకి, మధ్యరకం పంచదారకి, చిన్నవి మిరియాలు, లవంగాలు, యాలకులు లాంటి వాటికి. చిన్న కాగితం తీసుకుని ఒక మూల ఎడమచేతి చూపుడువేలు మీద ఆనించి బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పితే శంఖం అయ్యేది. కింద కొనని ఒకసారి మెలిపెట్టి లోపలికి నొక్కేవాడు, అది సరిగ్గా పడకపోతే దారిలోనే గింజలు కారిపోతాయి. తరవాత సరుకు పోసి, పైన మిగిలిన చెవులు రెండూ లోపలికి మడిచి, పైనుంచి వేలాడే డబ్బా చిల్లులోంచి పురికొస లాగి రెండు చుట్లు చుట్టి, వేలికి మెలేసి ఫట్‌మని తెంపేవాడు. కత్తెర లేదు, ముడి కూడా లేదు. ఆ చివరి చుట్టు కిందనుంచి కొసని దూర్చేవాడు, అంతే. నాకు పదేళ్లప్పుడు అది నేర్పాడు. ఇప్పుడు చేయమన్నా చేస్తాను.

పంచాంగం విషయంలో తాతకి ఒక నియమం ఉండేది. ఉగాది వెళ్లేదాకా పాతది ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఉగాది అయ్యాక కూడా దేవుడి బొమ్మ ఉన్న అట్ట విడిగా తీసి, కాలవలో వేసి రమ్మనేవాడు. లోపలి తిథులు, నక్షత్రాల కాగితాలు మాత్రం సన్నగా ఉన్నా గట్టిగా ఉండేవి, చిన్న పొట్లాలకి బాగా వంగేవి. మిరియాల పొట్లం విప్పితే వర్జ్యం, దుర్ముహూర్తం కనబడేవి. అందుకే ఆ బొమ్మ ముందు నిలబడి, అది పంచాంగం కాగితం అని తెలియగానే, నాకు 1635 నాటి హార్లెమ్ కొట్టువాడు ఎవరో బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు. వాడు కూడా కొత్త ఏడాది పంచాంగం వచ్చేదాకా ఆగే ఉంటాడు.

డచ్చి భాషలో ఇలాంటి శంఖం పొట్లానికి ఒక పేరుంది. పేపర్‌హౌస్యా. పేపర్ అంటే వాళ్ల భాషలో మిరియం, మన కాగితం పేపర్ కాదు. హౌస్యా అంటే చిన్న ఇల్లు. మిరియాల చిన్నిల్లు. ఏది పోసినా పొట్లం పొట్లమే కదా, కానీ ఆ మాట మిరియాల పేరుతోనే నిలబడిపోయింది. ఈ మాట ఇక్కడ ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ చెప్పింది, వాళ్ల అమ్మమ్మ తీపి బిళ్లల పొట్లాన్ని అలా అనేదట. ఇంకో మాట కూడా ఉంది, ఇది ఇప్పటికీ రోజూ వినబడుతుంది. ఏదైనా బాగా ఖరీదంటే పేపర్‌డ్యూర్ అంటారు, మిరియమంత ఖరీదు అని. ఇంటి అద్దెల గురించి మాట్లాడితే ఈ మాట రాకుండా ఉండదు.

అంటే చూడండి, ఆ బల్ల మీద చెత్తకాగితంలో పడున్నది చవక సరుకు కాదు. వెండిగిన్నె ఎంత గొప్పో ఆ పొట్లంలోదీ అంతే గొప్ప, సముద్రాలు దాటి వచ్చింది. అయినా దాన్ని బంగారు భరిణెలో పెట్టలేదు హేదా. కొట్లోంచి ఎలా వచ్చిందో అలాగే వేశాడు. ఇంకో సంగతి, ఆ కాగితాన్ని వేయడానికి పెట్టిన శ్రద్ధ వెండిగిన్నెకి పెట్టినదానికంటే ఒక్క పిసరు కూడా తక్కువ కాదు. కాగితం చుట్టుకున్న చోట ఒక అంచు వెలుతురులో తెల్లగా, లోపలి వైపు నీడలో బూడిదగా, మూతి దగ్గర కొద్దిగా విచ్చుకుని. లోహం ఎలా మెరుస్తుందో తెలిసినవాడికే కాగితం ఎలా మెరవదో కూడా తెలుస్తుంది. నేను దగ్గరికి వంగి చూస్తుంటే గార్డు వచ్చి, కాస్త వెనక్కి జరగమ్మా అన్నట్టు నవ్వుతూ చేయి చూపించాడు.

ఆ మిరియాలు ఎక్కడివి అన్నది నన్ను ఇంకొన్నాళ్లు కూర్చోనివ్వలేదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. హేదా ఈ బొమ్మ వేసేనాటికి వాళ్లకి మిరియాలు ఎక్కువగా జావా, సుమత్రా వైపు నుంచి వచ్చేవి. కొచ్చి వాళ్ల చేతికి వచ్చింది 1663లో, ఈ బొమ్మ వేశాక చాలా ఏళ్లకి. ఇక్కడే మన బందరు వస్తుంది. ఆ దీవుల్లో మిరియాలు, జాజికాయ, లవంగం కొనాలంటే యూరప్ సరుకు పెద్దగా పనికొచ్చేది కాదు, అక్కడివాళ్లకి కావలసింది మన కోరమండల్ తీరం బట్ట. అందుకని డచ్చివాళ్లు ముందు ఇటు వచ్చారు. 1605లో వాళ్ల ఓడ బందరుకి వచ్చింది, మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా అనుమతితో బందరులో, నిజాంపట్నంలో వ్యాపార కొఠీలు పెట్టుకున్నారు. తరవాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం. చిరివేరుతో వేసిన ఎరుపు అద్దకం, కలంకారీ గుడ్డలు, మామూలు నేతబట్ట, ఏది దొరికితే అది ఓడల్లో నింపుకుని దీవులకి పట్టుకెళ్లి, దానికి బదులు మిరియాలు నింపుకుని హాలండు పోయేవాళ్లు. 1612లోనే హెండ్రిక్ బ్రౌవర్ అనే వాళ్ల అధికారి, కోరమండల్ అంటే మలుకు దీవులకి, అంటే ఆ లవంగాల దీవులకి, ఎడమచేయి లాంటిది, ఆ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చిపోయినట్టే అని రాశాడు.

బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది. పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. చిన్నప్పుడు ఆ పేర్లు వందసార్లు విన్నాను. పరాసులంటే ఫ్రెంచివాళ్లని ఎప్పుడో బళ్లో చెప్పారు, ఇంగ్లీషుపాలెం సంగతి సరేసరి. వలందులు అంటే హాలండు వాళ్లు అన్నది మాత్రం నాకు తట్టనే లేదు, ఇక్కడికొచ్చి, ఈ బొమ్మ చూసి, ఈ మిరియాల వెంట వెళ్తే అప్పుడు తట్టింది. బందరులో డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయి, చెక్కిన రాళ్ల మీద వాళ్ల వంశాల గుర్తులు ఉంటాయి. పక్కనే పుట్టి పెరిగి వాటిని ఒక్కసారి కూడా సరిగా చూడనందుకు నాకు ఇప్పుడు నిజంగా బాధగా ఉంది. పెడనలో ఇప్పటికీ అద్దకాలు వేస్తారు. మా వీధి చివర కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన బట్టల వాసన నాకు బాగా గుర్తు. ఆ తీరంలో మగ్గం మీద కూర్చున్న మనిషికీ, హార్లెమ్‌లో పంచాంగం చింపి పొట్లం చుట్టిన మనిషికీ మధ్య ఒక దారి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు, ఆ దారిలో డబ్బంతా మధ్యవాళ్ల దగ్గరే మిగిలింది. వెండిగిన్నె అక్కడినుంచే వచ్చిందని నేను అనుకుంటాను.

తెల్లగుడ్డ గురించి కూడా ఒక మాట. హార్లెమ్ ఆ రోజుల్లో బీరు కాచడానికీ, నారబట్ట తెల్లగా చేయడానికీ పేరున్న ఊరు. ఎక్కడెక్కడి నుంచో బట్ట తెచ్చి, క్షారం నీళ్లలో, మజ్జిగలో నానబెట్టి, ఇసకదిబ్బల పక్కన పచ్చికమీద రోజుల తరబడి ఎండలో పరిచేవాళ్లు. అందుకే ఈ ఊరి చిత్రకారులకి తెల్లగుడ్డ ముడతలు అంత బాగా తెలుసు. రేవులో ఆరేసిన పంచెలు చూసి పెరిగినవాళ్లకి ఎండలో ఆరిన తెలుపు వేరు, నీడలో ఆరిన తెలుపు వేరు అని తెలుస్తుంది కదా, అదే తేడా ఈ గుడ్డలో ఉంది.

హేదా 1594 ప్రాంతంలో పుట్టి 1680లో పోయాడు, ఎనభై దాటి బతికాడు, హార్లెమ్ చిత్రకారుల సంఘానికి పెద్దగా కూడా చేశాడు. ఊరి చరిత్ర రాసిన శామ్యూల్ ఆంప్‌సింగ్ 1628లోనే ఆయన్నీ పీటర్ క్లాస్‌నీ మెచ్చుకుంటూ రాశాడు. అయినా అప్పటి లెక్కల్లో దేవుళ్ల కథలు, చరిత్ర ఘట్టాలు వేసేవాళ్లే గొప్పవాళ్లు. గిన్నెలు, గ్లాసులు, రొట్టెముక్కలు వేసేవాళ్లు చిత్రకళ అనే సైన్యంలో మామూలు సిపాయిలు అన్నాడు శామ్యూల్ వాన్ హూగ్‌స్ట్రాటెన్ 1678లో, ఆయనా చిత్రకారుడే. నాకు ఆ మాట నచ్చలేదు. కొనేవాళ్లకి మాత్రం ఇవి కావాలి. ఆ దేశంలో అప్పుడు మామూలు పనివాళ్లు, కొట్లవాళ్లు కూడా ఇంట్లో బొమ్మలు తగిలించుకునేవాళ్లు, రాజులూ చర్చీలూ కొనాల్సిన పనిలేదు. తమ బల్ల మీద ఉండేదే గోడ మీద కూడా చూసుకున్నారు.

ఈ బొమ్మల గురించి చదివితే ఎక్కువగా కనబడే మాట ఒకటుంది. పడిపోయిన గిన్నె, సగంలో వదిలేసిన తిండి, వాడేసిన పంచాంగం, ఇవన్నీ జీవితం అశాశ్వతం అని చెప్పడానికి అంటారు. కాదనను, ఆ కాలంలో పుర్రెలు, ఆరిపోయిన దీపాలు పెట్టి అదే చెప్పిన బొమ్మలు బోలెడు ఉన్నాయి, హేదాయే వేశాడు. కానీ ఈ పొట్లం దగ్గర నాకు ఆ మాట సరిపోదు. పాత పంచాంగం పొట్లానికి వాడటంలో వైరాగ్యం లేదు. కాగితం ఖరీదు, పారేయకూడదు, అంతే. మా తాత ఏ కాగితమూ పారేసేవాడు కాదు, సబ్బు చుట్టి వచ్చిన కాగితం కూడా సాపు చేసి రాయి కింద పెట్టేవాడు. రెండోసారి పనికొచ్చిన వస్తువుని చూసి చావు గుర్తుచేసుకోవడం ఏనాడూ కొట్లో కూర్చుని ఎరగని మనిషికి తోచే ఆలోచన అని నాకనిపిస్తుంది.

మనుషులు లేని బొమ్మ అన్నాను కదా. ఆ మాట పూర్తిగా నిజం కాదు. నిమ్మకాయ ఒలిచిన చేయి ఎవరిదో, గిన్నె తోసేసిన చేయి ఎవరిదో తెలియదు, వాళ్లు డబ్బున్నవాళ్లు అయ్యుంటారు. కానీ ఆ కాగితం చుట్టిన చేయి మాత్రం నాకు తెలుసు. ఆ మెలిక చూస్తే తెలుస్తుంది, రోజుకి వంద పొట్లాలు చుట్టే చేయి అది.

మొన్న ఆదివారం నాన్నకి వీడియో కాల్ చేశాను. రైక్స్‌మ్యూజియం వాళ్లు బొమ్మలన్నీ పెద్ద సైజులో ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, ఎంత కావాలంటే అంత జూమ్ చేసుకోవచ్చు. లాప్‌టాప్‌లో పొట్లం ఒక్కటే తెర నిండా పెట్టి ఫోన్ దానివైపు తిప్పాను. ఇది ఏంటో, ఎప్పటిదో ఏమీ చెప్పలేదు.

నాన్న కళ్లజోడు పైకి నెట్టుకుని కాసేపు చూశాడు. "మిరియాలా?" అన్నాడు.

"ఎలా చెప్పావు నాన్నా?"

"పొట్లం సైజు చూస్తే తెలీదా అమ్మా. ఇంత చిన్న కాగితంలో పప్పు ఇస్తారా ఎవరైనా." ఇంకాస్త దగ్గరికి వచ్చాడు. "విప్పిన పొట్లం ఇది. పైచెవులు మడవలేదు, దారం లేదు. కొంచెం వాడుకుని మళ్లీ చుట్టి పెట్టుకుందామని అలా ఉంచారు. కింద మెలిక బాగా వేశాడు, కారదు."

నాలుగొందల ఏళ్ల కిందటిది, హాలండు బొమ్మ, కాగితం పంచాంగానిది అని అప్పుడు చెప్పాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్లాడు, ఫోన్‌లో ఖాళీ కుర్చీ, వెనక గోడ మీద తాత ఫొటో కనబడుతున్నాయి. తిరిగొచ్చేసరికి చేతిలో పాత క్యాలెండరు కాగితం ఉంది. కొట్టు తీసేసి పద్నాలుగేళ్లయింది. మూల చూపుడువేలికి ఆనించి, బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పి, కొన మెలిపెట్టి కెమెరా ముందు పెట్టాడు.

"దాని పక్కన పెట్టి చూడు, ఒకటేనా?"

ఒకటే. ఆయనది కొద్దిగా ఎడమకి తిరిగి ఉంది, అంతే.

"వాడు కుడిచేత్తో చుట్టాడు," అన్నాడు నాన్న. "మేం ఎడమచేత్తో చుడతాం, కుడిచెయ్యి తూకానికి కావాలి కదా."